దొరకని గీత

ఊళ్ళో అతన్ని అద్దం మేస్త్రి అంటారు. కార్లకు రంగు వేసే షెడ్డు అతనిది. అతను రంగు వేసిన బానెట్టు ముందు నిలబడి తల దువ్వుకోవచ్చని ఎప్పుడో ఎవరో అన్నారు. అన్నవాళ్ళు ఆ మాట అప్పుడే మరిచిపోయి ఉంటారు, మేస్త్రి మాత్రం మరిచిపోలేదు. కొత్తగా ఎవరు కారు తెచ్చినా ఆ మాట చెప్పి, జేబులోంచి దువ్వెన తీసి, దువ్వుకుని మరీ చూపిస్తాడు. నెత్తి మీద దువ్వడానికి ఇప్పుడు పెద్దగా ఏమీ మిగల్లేదు గానీ, దువ్వెన మాత్రం జేబు వదల్లేదు.

అలాంటి మనిషి ఒక మంగళవారం మధ్యాహ్నం తన చేత్తో తానే కొంప ముంచుకున్నాడు. చేత్తో అనకూడదేమో. ఏ భాగంతో ముంచుకున్నాడో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

షెడ్డులో అప్పుడున్న కారు వంతెనల ఇంజినీరుగారిది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన పని వంతెనల కింద దూరి, టార్చి వేసి, కాంక్రీటులో వెంట్రుకవాసి పగుళ్ళు ఎక్కడున్నాయో వెతకడం. ఆయన రిటైరై పదేళ్ళయింది గానీ ఆ కళ్ళు మాత్రం రిటైరు కాలేదు. హోటల్లో కాఫీ ఇచ్చినా ముందు కప్పు తిప్పి చూసి, బీట లేదని తేల్చుకున్నాకే తాగే రకం. ఆయన కారుకి నలభై ఒక్క ఏళ్ళు. తలుపుల అడుగున తుప్పు పట్టిందని, గీకించి రంగు వేయించడానికి తెచ్చారు.

తాళం ఇస్తూ, "బయట నీ ఇష్టం. లోపల మాత్రం దేన్నీ ముట్టుకోకు. ఆ సీట్లు కారుతోపాటు పుట్టినవి. అలాంటి లెదర్ ఇప్పుడెవరూ చెయ్యరు" అన్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఇది బాగా వస్తే మా పాత కార్ల జట్టులో ఇంకో ఆరున్నాయి. అన్నీ నీ దగ్గరికే" అన్నారు.

ఆ ఆరు కార్ల మీదే మేస్త్రి ప్రాణాలు పెట్టుకున్నాడు. కొత్త కార్లవాళ్ళు చిన్న సొట్ట పడినా కంపెనీ షోరూముకే పరిగెడుతున్నారు. షెడ్డు రెండేళ్ళుగా ఈగలు తోలుకుంటోంది. పనివాళ్ళు ఇద్దరూ సంసారాలున్నవాళ్ళు, వారంలో సగం రోజులు ఊరికే కూర్చుని వెళ్తున్నారు. ఇంజినీరుగారు నలుగురిలో ఒక్క మంచి మాట అంటే షెడ్డు నిలబడుతుంది. అనకపోతే తలుపులకి తాళం వెయ్యాల్సిందే.

షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో జానెడేసి అక్షరాలు రాసి ఉంటాయి: "జేబులో ఇనుము పెట్టుకుని కారెక్కరాదు." రాసింది మేస్త్రే. ఈ మాట పాటించలేదని పనివాళ్ళని ఎన్నిసార్లు దులిపేశాడో లెక్కలేదు. ఆ మంగళవారం భోజనం చేసి వచ్చి, రంగు కోసం విప్పిన తలుపు లోపలి అట్ట మళ్ళీ బిగించడానికి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఒక స్క్రూ బిగించాడు. స్క్రూడ్రైవర్ని అలవాటుగా వెనక జేబులో దోపుకున్నాడు. రెండో స్క్రూ కోసం ఒళ్ళు పక్కకి తిప్పాడు. పాత గుడ్డ చిరిగినట్టు చిన్న చప్పుడైంది.

లేచి చూస్తే సీటు మీద వేలెడు పొడుగున గీత. పైపైన గీసుకున్నదైతే పోనీలే అనుకోవచ్చు. గోధుమరంగు తోలు చీలి, లోపలి తెల్లటి పీచు పైకి లేచి కనబడుతోంది. పనివాళ్ళిద్దరూ వచ్చి చూశారు, తర్వాత గోడకేసి చూశారు, తర్వాత ఏదో పని గుర్తొచ్చినట్టు చెరోవైపుకి వెళ్ళిపోయారు.

ఇంజినీరుగారు వచ్చేది గురువారం పది గంటలకి. సీటు కవర్ల దుకాణానికి ఫోన్ చేస్తే, "మొత్తం పీకేసి కొత్తది వేసేద్దామన్నా, రెండు గంటల పని" అని అవతలివాడు హుషారుగా చెప్పాడు. మేస్త్రి ఫోన్ పెట్టేశాడు. తుక్కులో పడి ఉన్న పాత సీటు ముక్క మీద తను కార్లకు వేసే రంగే వేసి చూశాడు. ఆరాక భలే మెరిసింది. వంచి చూస్తే పెంకులు పెంకులుగా రాలిపోయింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళి కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు. భార్య కాసేపు చూసింది.

"ఏమైంది? మొహం అలా వేలాడేశారేం?"

చెప్పాడు. చెప్తున్నప్పుడు జేబు సంగతి మింగేద్దామనుకున్నాడు గానీ, ఆవిడ దగ్గర అలాంటివి సాగవు.

"అమ్మకి చూపించండి" అంది భార్య.

"మీ అమ్మకా? బ్యాగులు కుట్టడం వేరు, ఇది వేరు."

"అమ్మ జన్మలో ఒక్క బ్యాగు కుట్టలేదు. కుట్టేదని మీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. బ్యాగుల ఫ్యాక్టరీ అనగానే అతనే అనేసుకున్నాడు. అత్తగారు వాళ్ళింటికి వచ్చి ఆరేళ్ళయింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక, కూతురు బలవంతం చేసి తెచ్చుకుంది. ముందు గదిలో కిటికీ పక్క కుర్చీ ఆవిడది. ఆవిడ గురించి మేస్త్రికి తెలిసినవి మూడే ముక్కలు: బ్యాగుల ఫ్యాక్టరీలో పనిచేసింది, టీలో చక్కెర వేసుకోదు, షెడ్డు కబుర్లు ఎంతసేపు చెప్పినా విసుక్కోకుండా వింటుంది. మూడోది అతనికి మహా ఇష్టమైన గుణం. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా, 'మీరక్కడ ఏం పని చేసేవారు అత్తయ్యా?' అని అడగాలని తోచలేదు. ఈ మాట అతనే తర్వాత సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు కాబట్టి మనం ఇంకా పొడవక్కర్లేదు.

అత్తగారు గుమ్మం దగ్గరే నిలబడి అంతా విన్నట్టుంది.

"గీసుకుందా బాబూ, చీలిందా?"

"చీలింది అత్తయ్యా."

"పీచు లేచిందా?"

"లేచింది."

"కత్తిరించెయ్యలేదు కదా?"

"లేదు. చెయ్యి పెట్టడానికే భయమేసింది."

"ఆ భయమే మేలు చేసింది. పొద్దున్నే తీసుకెళ్ళండి నన్ను" అంది. లోపలికి వెళ్ళి, బీరువా అడుగునుంచి ఒక పాత బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో ఆవిడ మందులుంటాయని మేస్త్రి ఇన్నాళ్ళూ అనుకున్నాడు. మూత తీస్తే కాగితం కన్నా పల్చటి చాకులు, వెంట్రుకలు కురచగా కత్తిరించిన కుంచెలు, వేలి కొనంత స్పాంజి ముక్కలు. అన్నీ గుడ్డలో విడివిడిగా చుట్టి ఉన్నాయి. సీసాల్లో రంగులు మాత్రం ఎండి రాళ్ళయిపోయాయి. ఆవిడ వాటిని పక్కన పెట్టి, గోళ్ళు కత్తిరించుకుంటూ కూర్చుంది.

బుధవారం పొద్దున్న దుకాణం తెరిచేసరికి ఇద్దరూ తోలు సామాన్ల వీధిలో ఉన్నారు. కొట్టువాడు ఏ రంగు కావాలో చార్టు చూసి నంబరు చెప్పమన్నాడు. ఆవిడ చార్టు ముట్టుకోలేదు. బంక, చీలిక పూడ్చే ముద్ద, రబ్బరు ముద్ద, పైపూత సీసా ముందే కట్టించింది. తెలుపు, నలుపు, పసుపు, ఎరుపు, ఇటుక రంగు, రంగుల్లో ఈ అయిదు చిన్న సీసాలూ చాలంది. "గోధుమరంగు రెడీగా ఉంది కదండీ" అన్నాడు కొట్టువాడు. "అది మీ గోధుమరంగు నాయనా, మా సీటుది కాదు" అంది.

షెడ్డుకి వచ్చాక సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది. చేతి గడియారం తీసి మేస్త్రికిచ్చింది. తోలు దగ్గరికి గట్టి వస్తువేదీ రాకూడదట. ఆ మాట అంటూనే తలెత్తి గోడ మీది ఎర్ర అక్షరాలు చదివింది. మేస్త్రి చెవులు ఆ అక్షరాల రంగుకి తిరిగాయి.

కారు తలుపు తీసి గీత చూస్తుందనుకున్నాడు. ఆవిడ గీతని చూడనేలేదు. సీటు మొత్తాన్ని చూసింది, ఒక పావుగంట. అరచెయ్యి ఆనించి అటునుంచి ఇటు తీసుకొచ్చింది. తర్వాత, "ఇక్కడ కూర్చో" అంది.

పెళ్ళయి పదిహేనేళ్ళలో ఆవిడ అతన్ని 'నువ్వు' అనడం అదే మొదలు. అతను వెంటనే కూర్చున్నాడు.

"లే. ఊఁ, మళ్ళీ కూర్చో. అలా కాదు, కారు నడిపేవాడిలా కూర్చో. ఇప్పుడు లే."

పదిసార్లు లేపింది, పదిసార్లు కూర్చోబెట్టింది. పనివాళ్ళిద్దరూ నవ్వు ఆపుకోలేక డబ్బాల వెనక్కి పోయారు. మనిషి కూర్చున్న ప్రతిసారీ తోలు ఎక్కడ ముడత పడుతోందో, లేచాక ఏ ముడత పోతోందో, ఏది ఉండిపోతోందో ఆవిడ చూస్తోందని మేస్త్రికి ఆరోసారికి గాని అర్థం కాలేదు.

"గీత మీదుగా రెండు ముడతలు పోతున్నాయి. అవి తెగిపోయాయి. గీత పూడ్చడం ఎవరైనా చేస్తారు. ముడతలు మళ్ళీ పుట్టించాలి" అంది.

పని మొదలైంది. స్పిరిట్ తడిపిన గుడ్డతో నలభై ఏళ్ళ జిడ్డు తీసింది. లేచిన పీచుని పల్చటి చాకు కొసతో పోగు పోగునా పడుకోబెట్టి, కింద బంక అద్దింది. అది పట్టుకున్నాక చీలికలో ముద్దలాంటిదేదో పూసింది, మీగడ కన్నా పల్చటి పొర.

"పుట్టీ లాంటిదా అత్తయ్యా?"

"మీ పుట్టీ రాయిలా గట్టిపడుతుంది. రేకు వంగదు కాబట్టి సరిపోతుంది. తోలు మీద రోజూ మనిషి కూర్చుంటాడు, లేస్తాడు. ఇది ఆరినా రబ్బరులా వంగాలి. లావుగా వేస్తే వంగదు. అందుకే ఆరు పొరలు."

ఒక్కో పొర ఆరడానికి అరగంట. ఆ అరగంటల్లోనే మేస్త్రి పదిహేనేళ్ళుగా అడగనివన్నీ అడిగాడు. ఆవిడా దాచుకోకుండా చెప్పింది.

పంతొమ్మిదో ఏట ఫ్యాక్టరీలో తోలు ముక్కలు ఊడ్చే పనికి చేరింది. కుట్టేవాళ్ళు, బకిల్సు బిగించేవాళ్ళు పెద్ద హాల్లో ఉండేవాళ్ళు. వెనక గదిలో ఒక బల్ల ఉండేది. ముందు హాల్లో గోరు తగిలి, కత్తెర జారి, బకిల్ గీసుకుని పాడైన బ్యాగులన్నీ ఆ బల్ల మీదికి వచ్చేవి. బల్ల దగ్గర ఒక ముసలాయన. ఊడ్చడానికి వెళ్ళినప్పుడల్లా ఈ అమ్మాయి చీపురు పక్కన పెట్టి చూస్తూ నిలబడిపోయేది. ఒకరోజు ఆయన తలెత్తకుండానే ఒక బ్యాగు ఇచ్చి, ఇందులో నేనెక్కడ బాగుచేశానో చెప్పు అన్నాడట. చెప్పలేకపోయింది. మర్నాడూ చెప్పలేకపోయింది. ఇరవై రోజులకి వేలు పెట్టి చూపించింది. ఆయన ఆ బ్యాగు తీసి చూసుకుని, నిట్టూర్చి, పక్కకి జరిగి స్టూలు మీద చోటిచ్చాడు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ స్టూలు మీదే కూర్చున్నాను" అంది. బస్సు కండక్టరుగా చేసే మొగుడు జబ్బుచేసి పోయాక పదో రోజున మళ్ళీ ఆ స్టూలు మీదే కూర్చుంది. కూతురు స్కూలు అయిపోయాక వచ్చి ఆ బల్ల కిందే లెక్కలు చేసుకునేది.

బాగుచేసినవాటిని మంచివాటిలో కలిపేసి, చివర చెకింగ్ ఆయన ముందు పెట్టేవాళ్ళు. ఆయనకి తేడా కనబడితే సుద్దతో గుర్తు పెట్టి వెనక్కి పంపేవాడు. మొదటి ఏడాది ఆవిడ బల్ల మీద రోజూ సుద్ద గుర్తులే. తర్వాత వారానికొకటి. చివరి పదిహేనేళ్ళూ ఒక్కటి లేదు.

"మరి మీకు బహుమతులు అవీ ఇచ్చేవాళ్ళా?"

ఆవిడ నవ్వింది. "ఏటా బాగా కుట్టినవాళ్ళకి ఇచ్చేవాళ్ళు. మా బల్ల పేరు ఏ కాగితంలోనూ ఉండేది కాదు. మా ఫ్యాక్టరీలో తోలు మీద గీత పడదని కదా వాళ్ళు చెప్పుకునేది! గీతే పడని చోట గీతలు బాగుచేసే మనిషి ఎలా ఉంటుంది?"

ఈ మాట ఆవిడ కోపంతో అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది. వింటున్న మేస్త్రికి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక కుర్చీ జరుపుకున్నాడు.

ఆఖరి పొర పచ్చిగా ఉండగా అసలు విద్య బయటపెట్టింది. అంతకుముందే, గీతకి జానెడు అవతల, అలాంటి మచ్చలూ రంధ్రాలూ ఉన్న చోటు వెతికి, అక్కడ రబ్బరు ముద్ద అద్ది అచ్చు తీసి పెట్టుకుంది. "ఇది వీపు తోలు. రంధ్రాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. పక్క సీటుది పొట్ట తోలు, దాని అచ్చు ఇక్కడ పనికిరాదు" అంది. మేస్త్రి రెండు సీట్లూ మార్చి మార్చి చూశాడు. అతనికి రెండూ తోలే. ఆవిడ అచ్చుని పచ్చి పొర మీద పెట్టి, బొటనవేలితో ఒక్కసారి నొక్కి, ఊపిరి బిగబట్టి తీసింది. నున్నటి ముద్ద మీద ప్రాణమున్న చర్మం లేచింది. తర్వాత చాకు వెనకవైపుతో, తెగిపోయిన రెండు ముడతల్ని అటు కొసనుంచి ఇటు కొసకి కలిపింది.

రంగుల దగ్గర మేస్త్రికి కాస్త ధైర్యం వచ్చింది. ఎంతైనా అది తన సొంత విద్య. "ఈ గోధుమరంగు నేను కలుపుతాను అత్తయ్యా" అన్నాడు.

"ఏ గోధుమరంగు?"

అతను సీటు చూపించాడు. ఆవిడ అతన్ని చెయ్యి పట్టుకుని వెలుగులోకి వంచింది. "కిటికీ వైపు ఎండకి పాలిపోయింది చూడు. మధ్యలో మనిషి రాపిడికి నల్లబడింది. కుట్టు పక్కన ఎండా తగల్లేదు, రాపిడీ తగల్లేదు, అక్కడ ఎరుపు మిగిలుంది. గీత ఈ మూడింటి మీదుగా పోయింది." ఆవిడ చెప్పేదాకా అతనికి కనబడలేదు. చెప్పాక మూడు రంగులూ మూడు గట్లలా విడివిడిగా కనబడ్డాయి. పాతికేళ్ళుగా రంగులతోనే బతుకుతున్నవాడు, నోరు మూసుకుని పళ్ళెం అందించాడు.

తెల్ల పళ్ళెంలో కలపడం, కాగితం మీద చుక్క పెట్టడం, ఆరనివ్వడం, వెలుగు పడేలా సీటు పక్కన పెట్టి చూడటం, కాదని పారబొయ్యడం. పదకొండు సార్లు పారబోసింది. పన్నెండోది ఉంచుకుంది. అలా మూడు రంగులకీ. స్పాంజి కొసతో అద్దింది, ఒకదాని అంచు ఇంకోదానిలో కలిసిపోయేలా. అంతా అయ్యేసరికి ఆ చోటు తళతళలాడుతోంది. మేస్త్రి ఆనందం పట్టలేక, "అబ్బ! ఎలా మెరుస్తోందో!" అన్నాడు.

"మెరిస్తే దొరికిపోయినట్టే" అంది ఆవిడ. ఇంకో సీసా తీసి, ఆ మెరుపుని చంపడం మొదలుపెట్టింది. బతుకంతా మెరిపించడమే పనిగా పెట్టుకున్న అద్దం మేస్త్రి ఒక మూల నిలబడి, మెరుపు కొంచెం కొంచెంగా చల్లారి నలభై ఏళ్ళ పాతదనంలోకి దిగిపోవడం కళ్ళప్పగించి చూశాడు.

నాలుగు గంటలకి ఆవిడ నడుం పట్టుకుని లేచింది. "ఇక చూసుకోండి బాబూ" అంది. మళ్ళీ 'మీరు'లోకి వచ్చేసింది.

మేస్త్రి వంగి చూశాడు. గీత లేదు. దాని జాడా లేదు. చేతి దీపం తెచ్చి పక్కనుంచి, పైనుంచి వేసి చూశాడు. అరచెయ్యి ఆనించాడు. తోలు, ముడత, తోలు. తన ఒంటితో చీల్చినవాడు, పొద్దుట్నుంచీ పక్కనే కూర్చుని ప్రతి పొరా చూసినవాడు, వాడికే ఎక్కడో తెలియలేదు. కారు పక్కన నేల మీద అలాగే కూలబడ్డాడు. తను వేసిన రంగుని జనం మెచ్చుకున్నప్పుడు పొంగిపోయేవాడు గానీ, పని చూసి భయంలాంటిది కలగడం అతనికి ఇదే మొదటిసారి. అంత గొప్ప పని ఎదురుగా ఉంది, చూద్దామంటే లేదు!

కాస్త తేరుకున్నాక పాత బుద్ధి లేచింది. "అయితే అత్తయ్యా, ఇంక ఇంజినీరుగారికి చెప్పాల్సిన పనేముంది?"

ఆవిడ కుంచెలు కడుగుతోంది. "అది మీ ఇష్టం బాబూ. నా పని తోలు వరకే."

ఆ సాయంత్రమంతా మేస్త్రి కిందా మీదా పడ్డాడు. చెబితే మనిషి మండిపడొచ్చు. ఆరు కార్లూ పోవచ్చు, షెడ్డూ పోవచ్చు. చెప్పకపోతే ఈ భూమ్మీద ఎవరికీ తెలిసే దారే లేదు. చెప్పకపోవడమే తెలివైన పని, ఏ వైపునుంచి చూసినా అంతే. కానీ అలా అనుకున్నప్పుడల్లా గీతే పడని ఫ్యాక్టరీ గుర్తొచ్చేది. నా షెడ్డులోనూ గీత పడలేదు అంటే, ఈ రోజు ఆవిడ ఇక్కడ లేనట్టే. ఆ ఫ్యాక్టరీవాళ్ళు ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసిన పనే తనూ చేసినట్టు.

గురువారం అత్తగార్ని కూడా షెడ్డుకి రమ్మన్నాడు. ఎందుకని ఆవిడ అడగలేదు. వచ్చి మూల స్టూలు మీద కూర్చుంది.

పది కొట్టగానే ఇంజినీరుగారు టార్చితో దిగారు. తలుపుల అడుగున వంగి చూశారు, వేలితో మీటి విన్నారు, తల ఊపారు. లోపల కూర్చుని చూశారు. బయటికొచ్చి, "శుభ్రంగా చేశావోయ్" అన్నారు. ఆయన నోటివెంట అంత మాట రావడమే గొప్ప. తాళం కోసం చెయ్యి చాపారు.

మేస్త్రి తాళం ఇవ్వలేదు. "సార్, ఒక్క మాట. మంగళవారం నావల్ల మీ డ్రైవరు సీటు చీలింది. జేబులో స్క్రూడ్రైవరుతో కూర్చున్నాను. వేలెడు గీత."

ఇంజినీరుగారి మొహం బిగుసుకుపోయింది. చేతులు వెనక్కి కట్టుకున్నారు. "ఎక్కడ?"

మేస్త్రి లోపలికి వంగాడు. వెతికాడు. ఇటుపక్క అనుకున్నాడు, కాదు, అటుపక్క. "ఇక్కడే ఉండాలి సార్..."

"తప్పుకో" అన్నారు ఇంజినీరుగారు. కళ్ళజోడు మార్చుకున్నారు. టార్చి అడ్డంగా పట్టి, సీటుకి మొహం ఆనించినంత దగ్గరగా పెట్టి, కుట్టు కుట్టునా వెతికారు. రుమాలుతో తుడిచి వెతికారు. కాంక్రీటులో వెంట్రుకవాసి పగుళ్ళు పట్టుకునే మనిషి, ముప్పావుగంట వెతికారు. పనివాళ్ళు పని ఆపేసి నిలబడ్డారు. ఆయన బయటికొచ్చేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

"హాస్యమాడుతున్నావా నాతో?"

"ఒట్టు సార్. మా అత్తయ్య బాగుచేశారు. ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసింది ఈ పనే. చెప్పకుండా ఉందామనే అనుకున్నాను. చెప్పకపోతే ఆవిడ చేసినట్టు ఎవరికీ తెలీదు కదా అని..." అంతకన్నా చెప్పడం అతనికి చేతకాలేదు.

ఇంజినీరుగారు మూలకి తిరిగారు. అత్తగారు స్టూలు మీంచి లేచింది. ఆయన దగ్గరికి వెళ్ళి, బడిపిల్లాడు మాస్టారిని అడిగినట్టు అడిగారు. "అమ్మా, ఎక్కడో ఒక్కసారి చూపించండి."

"వద్దండీ" అంది ఆవిడ.

"కోపంతో కాదమ్మా. చూడాలని."

"అందుకే వద్దంటున్నాను. ఒకసారి వేలు పెట్టి చూపిస్తే, ఇక మీకు సీటు కనబడదు, గీతే కనబడుతుంది. కారెక్కిన ప్రతిసారీ అక్కడికే పోతాయి కళ్ళు. నేను చేసిందంతా వృథా."

ఆయన ఓసారి సీటుకేసి చూసి, "నిజమే. నేను పగులు కనిపెట్టిన వంతెన ఒకటుంది. బాగుచేసి ఇరవై ఏళ్ళయింది, లారీలు పోతున్నాయి. దాని మీద నేను మాత్రం ఇప్పటికీ కారు నెమ్మదిగా పోనిస్తాను" అన్నారు. టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నారు. ఆవిడకి రెండు చేతులూ జోడించారు. ఆవిడ కంగారుపడి చీర కొంగు సర్దుకుంది.

మేస్త్రి వైపు తిరిగి, "నీ మీద కోపం పోలేదు. పోవడానికి టైము పడుతుంది" అన్నారు. "సోమవారం మా జట్టులోవాడి కారు పంపిస్తాను. సీట్లు అధ్వానంగా ఉన్నాయి, అవి అమ్మగారు చేస్తానంటేనే. నువ్వు మాత్రం ఈలోగా ప్యాంట్ల వెనక జేబులన్నీ మూసి కుట్టించేసుకో."

కారు వెళ్ళిపోయింది. పనివాళ్ళు గట్టిగా నవ్వారు. మేస్త్రి వాళ్ళతోపాటు నవ్వబోయి, మూలనున్న స్టూలు కేసి చూశాడు. షెడ్డు నిలబడింది. తన చేతుల వల్ల కాదు.

అత్తా అల్లుడూ బస్టాపుకి నడుస్తుండగా అడిగాడు. "మీకు తెలుసు కదా అత్తయ్యా, ఎక్కడుందో?"

"నిన్న చేసింది కదా, తెలుసు. ఏడాది పోతే నాకూ తెలీదు."

కాస్త దూరం నడిచాక ఆవిడే మళ్ళీ అంది. "బస్సులో గానీ వీధిలో గానీ తోలు బ్యాగు కనబడితే చూస్తుంటాను బాబూ. మా ఫ్యాక్టరీవి ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు. వాటిలో నా చేతిమీదుగా పోయినవి ఎన్ని ఉంటాయో. ఇన్నేళ్ళలో ఒక్కటి కూడా గుర్తుపట్టలేకపోయాను. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి గుర్తుపడితే బాగుండునని ఉంటుంది. గుర్తుపడితే మాత్రం, అయ్యో, ఇది సరిగ్గా చెయ్యలేదే అని కుమిలిపోతాను."

వాళ్ళ ముందు ఒక నడివయసు ఆవిడ నడుస్తోంది. భుజాన పాత గోధుమరంగు బ్యాగు, పట్టీ నలిగింది, బకిల్ కళ తప్పింది. అత్తగారు అడుగు నెమ్మది చేసింది. ఆ బ్యాగు మీదే చూపు పెట్టి నడిచింది, ఆ మనిషి వీధి మలుపు తిరిగేదాకా. మేస్త్రీ అటే చూశాడు. అతనికి ఆ బ్యాగు మీద ఒక్క గీత కూడా కనబడలేదు.

"బాగుంది కదూ బ్యాగు" అంది ఆవిడ.

"చాలా బాగుంది అత్తయ్యా" అన్నాడు మేస్త్రి.